అంగుళానికి పదమూడు

దానియేలు మేస్త్రీ పోయి రెండు నెలలైంది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళకి పనికొచ్చే సంగతులేవైనా రాయమని మాత్రం అడిగారు. నా దగ్గర ఉన్న సంగతి ఒక్కటే. అది చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

బందరులో ఒకే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. టర్నరుగా చేరి ఫోర్‌మన్‌గా బయటికి వచ్చాను. ఆ మధ్యలో ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో మీకు అనవసరం. రైసు మిల్లుల షాఫ్టులు, మురుగు కాలువల మీద పంపులు, రేవులో లాంచీల ఇంజన్లు మా దగ్గరికి వచ్చేవి. ఏది వచ్చినా ముందు నట్లు విప్పాలి, చివర నట్లు బిగించాలి. మధ్యలో చేసే పనికే అందరూ మెచ్చుకుంటారు. ప్రమాదాలు మాత్రం ఎక్కువగా ఆ మొదట్లోనో ఆ చివరనో పుట్టేవి.

ఈ వృత్తిలో అనుమానం ఉండాలని పెద్దలు చెబుతారు. నేనూ చెప్పేవాణ్ణి. దేన్ని అనుమానించాలో నాకు తెలియలేదు. అది ఆలస్యంగా నేర్చుకున్నాను.

మరల సంగతి

బోల్టు మీద చుట్లు చుట్లుగా కోసిన గాడిని మేము మర అంటాం. అంగుళం పొడవులో ఎన్ని మరలున్నాయి, మర అంచుల మధ్య కోణం ఎంత అన్న రెండూ కుదిరితేనే నట్టు బోల్టుకి సరిగ్గా ఎక్కుతుంది. ఒకప్పుడు ఇంగ్లండులో కూడా ఏ వర్క్‌షాపు మర ఆ వర్క్‌షాపుదే. బోల్టు పోతే దాన్ని చేసిన చోటికే వెళ్ళాలి. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఇంజనీరు ఒకాయన అనేక వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి, అందరూ ఇదే వాడండి అన్నాడు. కోణం యాభై ఐదు డిగ్రీలు. రైళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వాళ్ళ వెనక వచ్చారు. యంత్రాలతోపాటు ఆ మర ఓడలెక్కి మన దగ్గరికి వచ్చింది.

తర్వాత అమెరికావాళ్ళు అరవై డిగ్రీల కోణంతో తమ మర తాము పెట్టుకున్నారు. అరవై అయితే కోయడం, సరిచూడడం తేలికని వాళ్ళ వాదన. రెండో యుద్ధంలో ఈ రెండు దేశాలూ ఒకే పక్షాన పోరాడుతూ, ఒకరి నట్టు మరొకరి బోల్టుకి ఎక్కక అవస్థ పడ్డాయని చదివాను. యుద్ధం అయ్యాక కూర్చుని ఒక ఉమ్మడి మరకు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం సంగతి బందరులో మాకు చాలా కాలం తెలియదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పావు అంగుళం, ముప్పావు అంగుళం, ఆ మధ్య సైజులు చాలావాటిలో ఇంగ్లీషు మరకీ అమెరికా మరకీ లెక్క ఒకటే. కోణం తేడా ఉన్నా నట్టు ఎక్కుతుంది, పని నడిచిపోతుంది. అర అంగుళంలో మాత్రం ఇంగ్లీషువి అంగుళానికి పన్నెండు, అమెరికావి పదమూడు. ఒక్క మర తేడా. కంటికి తెలియదు. నట్టు ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, తర్వాత పట్టేస్తుంది.

గోనె సంచుల్లో సామాను

యుద్ధంలో మిగిలిన సామాను, అమెరికావాళ్ళు వదిలిపోయినదానితో సహా, చాలా ఏళ్ళు పాత ఇనుము వ్యాపారుల చేతుల్లో తిరిగింది. మా మేనేజరు రంగారావు గారు బోల్టులు గోనె సంచుల్లో తెప్పించేవారు. మనిషి చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. ఏ బోల్టు ఎక్కడిదని అడిగితే ఒకటే జవాబు. "తిరిగితే మనదే."

ఆ వ్యాపారుల్ని నేను నమ్మేవాణ్ణి కాదు. ఒకాయన సంచి మూతి దగ్గర మెరిసే సరుకు పేర్చి, అడుగున తుప్పు పట్టింది నింపేవాడు. అందుకని ప్రతి సంచినీ తలకిందులుగా కుమ్మరించి చూసేవాణ్ణి. తుప్పు వెతికాను, పగుళ్ళు వెతికాను, లావు కొలిచాను. అర అంగుళం లావున్నవన్నీ అర అంగుళం డబ్బాలో పడేశాను. మరలు లెక్కపెట్టలేదు. ఆ పని నాదే, నేను చేయలేదు.

దాంతో షాపులో ఒక నమ్మకం పుట్టింది. అర అంగుళం నట్టు స్వభావమే గట్టిదని అందరూ అనేవారు. మిగతా సైజులు వేలితో తిరిగినా ఇది పానా అడుగుతుందని చెప్పుకునేవారు. కొందరు దాన్ని గొప్పగా కూడా చెప్పేవారు. ఇనుముకి స్వభావం ఉంటుందా అని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

గుడివాడ మిల్లు

యాభైల చివర్లో ఒక కోతల కాలం. గుడివాడలో ఒక రైసు మిల్లులో, మిల్లు పొడవునా నడుస్తూ బెల్టులతో యంత్రాల్ని తిప్పే లైన్ షాఫ్టు బేరింగు అరిగిపోయింది. పై దూలానికి వేలాడే బేరింగు అది. దాని మూతని రెండు అర అంగుళం బోల్టులు పట్టి ఉంచుతాయి. కొత్త బేరింగు మేము తయారుచేసి తీసుకెళ్ళాం. బిగించేది దానియేలు మేస్త్రీ, చూసుకోవలసింది నేను.

ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కోడూరు దగ్గర పల్లె. మిషను బడిలో చదివి, లాంచీల మీద పని నేర్చుకున్నారు. శనివారం మధ్యాహ్నానికి పని ముగించుకుని చల్లపల్లి మీదుగా ఇంటికి వెళ్ళి, ఆదివారం గుడిలో ప్రార్థన చూసుకుని, సోమవారం పొద్దున్నే షాపులో ఉండేవారు. ఆయన శనివారం బస్సు మీద షాపులో హాస్యాలు నడిచేవి. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మేము ఆ మూత బిగించింది శనివారం. నేను కింద బల్ల దగ్గర కొలతలు రాసుకుంటున్నాను. ఆయన ఒకసారి నిచ్చెన దిగి వచ్చి ఏదో అడిగారు, నేనేదో చెప్పాను, మళ్ళీ పైకి వెళ్ళారు. పని అయింది. ఇంజను వేసి చూశాం. షాఫ్టు బాగానే తిరిగింది. ఆయన బస్సుకి వెళ్ళిపోయారు.

పదకొండో రోజున మూత ఊడిపడింది. ఒక బోల్టు నుంచి నట్టు జారిపోయింది, ఆ బరువుకి రెండోది విరిగింది. షాఫ్టు వంగి, బెల్టు తెగి, కింద ఉన్న మిల్లు ఇంజను డ్రైవరు కోటయ్య కుడి భుజాన్ని కొట్టింది. ప్రాణం నిలిచింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

మిల్లు షెడ్డులోనే విచారణ పెట్టారు. మిల్లు యజమాని, రంగారావు గారు, దానియేలు మేస్త్రీ, నేను. రాసుకునే పని నాది. యజమాని నేరుగా అడిగాడు, నట్టు సరిగ్గా బిగించావా లేదా అని.

"పట్టిందండీ," అన్నారు మేస్త్రీ.

"పట్టిన నట్టు ఊడుతుందా మేస్త్రీ? నువ్వు పట్టింది నట్టునా, చల్లపల్లి బస్సునా?" అన్నాడు యజమాని.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేస్త్రీ నా వైపు చూశారు. నేను తల దించుకుని రాసుకుంటున్నాను. 'నట్టు బిగించానని చెప్పెను' అని రాశాను. ఆయన అన్న మాట అది కాదు. పట్టింది అంటే చక్కగా బిగిసిందని ఒక అర్థం, దారిలో ఇరుక్కుపోయిందని ఇంకొక అర్థం. నాకు అక్కరకు వచ్చిన అర్థం నేను రాసుకున్నాను.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. నాకు అన్యాయం అనిపించలేదు. శనివారం తొందరలో వదిలేసి ఉంటారని నేనూ అనుమానించాను. కోటయ్యకయితే అనుమానం కూడా లేదు. తన చెయ్యి పోయింది దానియేలు వల్లేనని ఊరంతా చెప్పాడు.

నేను చూపించిన బోల్టు

నట్టు జారిన ఆ బోల్టుని నేను దాచాను. దాని కొస వైపు మూడు నాలుగు మరలు చితికిపోయి ఉన్నాయి, తల వైపు మరలు కొత్తవాటిలా ఉన్నాయి. నట్టు కొసన వేలాడిందని, అంటే పూర్తిగా బిగించలేదని దాన్నిబట్టి తేల్చుకున్నాను. షాపులో చేరిన ప్రతి కొత్తవాడికీ ఆ బోల్టు చేతికిచ్చి, నిర్లక్ష్యం అంటే ఇలా ఉంటుంది చూసుకో అని చెప్పేవాణ్ణి. రెండేళ్ళు అలా చెప్పాను. ఆ రెండేళ్ళలో ఒక్కరోజైనా దాని మరలు లెక్కపెట్టలేదు. బోల్టు నాతో ఏకీభవిస్తోందని అనుకున్నాను.

నాన్న అద్దం

అరవైల్లో మెట్రిక్ బోల్టులు రావడం మొదలైంది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు అర అంగుళానికి కాస్త సన్నం. పాత నట్టులోకి దూరుతుంది, కొంచెం తిరుగుతుంది, నమ్మకం కలిగిస్తుంది. ఇంకో షాపులో అలా ఒక పంపు ఊడిందని విన్నాక రంగారావు గారు భయపడ్డారు. ఉన్న సామానంతా కుమ్మరించి వేరుచేయమని నాకు చెప్పారు.

మరలు కొలిచే గేజి షాపులో ఒక్కటే ఉండేది, దాని సగం రేకులు విరిగిపోయాయి. మాది పెడన, మగ్గాల ఇల్లు. మా నాన్న దగ్గర గుడ్డలో పోగులు లెక్కపెట్టే భూతద్దం, ఇత్తడి చట్రంలో బిగించింది, ఉండేది. మూడు మడతలు, అడుగున అంగుళం కొలతకి ఒక చదరపు కిటికీ. గుడ్డ మీద ఆనించి కిటికీలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెడితే నేత చిక్కదనం తెలుస్తుంది. గుడ్డని వేళ్ళతో నలిపి ధర చెప్పే వ్యాపారులంటే నాన్నకి పడేది కాదు. "చేతికి ఏం తెలుస్తుందిరా? చెయ్యి అనుకున్నదే చెబుతుంది. లెక్కపెట్టు," అనేవారు.

ఆ అద్దం పట్టుకెళ్ళి, అర అంగుళం డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. మొదటి బోల్టు పన్నెండు. రెండోది పన్నెండు. అయిదోదో ఆరోదో పదమూడు వచ్చింది. తప్పు లెక్కపెట్టాననుకున్నాను. మళ్ళీ పదమూడే. డబ్బాలో ఇంచుమించు మూడో వంతు పదమూడువి ఉన్నాయి. నట్లు మాత్రం దాదాపు అన్నీ పన్నెండువే.

సొరుగులోంచి గుడివాడ బోల్టు తీసి అద్దం కింద పెట్టాను. చితకని మరలు అంగుళానికి పైగా ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. పదమూడు.

పన్నెండు మరల నట్టుని దాని మీదకి ఎక్కిస్తే రెండు చుట్లకే ఇరుక్కుంటుంది. ఇంకా బలంగా తిప్పితే మరని కోసుకుంటూ ముందుకు వెళ్తుంది. పానా పట్టిన చేతికి మంచి బిగువు తెలుస్తుంది. ఆ బిగువు మూత మీద పడుతోందా, చితికే మర మీద పడుతోందా అన్నది చేతికి తెలియదు. సరైన నట్టు వేలితో సునాయాసంగా చివరిదాకా వచ్చి, అక్కడ ఆగి, అప్పుడు బిగుస్తుంది. తప్పు నట్టు మొదటి నుంచీ గట్టిగా ఉంటుంది. మీకు వేరే ఏమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. తొందరగా బిగిసే నట్టుని నమ్మకండి.

రంగారావు గారికి బోల్టు చూపించాను. ఆయన అద్దంలోంచి చాలాసేపు చూశారు. మిల్లువాళ్ళు మర్చిపోయారు, మేస్త్రీ వేరే పని చూసుకున్నాడు, ఇప్పుడు తవ్వితే షాపు పేరు పోతుంది అన్నారు. చివరికి, "మీకెందుకండీ? మీరేం చేశారు?" అని అడిగారు. ఏం చేశానో నాకు అప్పటికి తెలియదు.

కోడూరు

ఒక ఆదివారం సెలవు చూసుకుని, చల్లపల్లిలో బస్సు మారి, అవనిగడ్డలో ఇంకొకటి ఎక్కి, కోడూరు వెళ్ళాను. రోడ్డు పక్కన చిన్న పాకలో ఆయన ఆయిలింజన్లు బాగుచేస్తున్నారని చెప్పారు. గుడి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్ల చొక్కాతోనే ఉన్నారు. నన్ను చూసి లేచి స్టూలు వేశారు. టీ తెప్పించారు. ఎందుకొచ్చారని అడగలేదు.

నేను బోల్టు, నట్టు, అద్దం ఆయన ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆయన అద్దం ముట్టుకోలేదు. నట్టుని వేలితో తిప్పారు. రెండు చుట్ల దగ్గర ఆగింది.

"అదేగదండీ నేను చెప్పింది," అన్నారు.

ఎప్పుడని అడిగాను.

"నిచ్చెన దిగొచ్చాను గదండీ. పట్టేస్తుందండీ, వేలితో రెండు చుట్లు కూడా రావట్లేదు అన్నాను. పట్టడానికేగా మేస్త్రీ నట్టు పెట్టింది, అర అంగుళం అంతే, పానాకి పైపు తొడిగి లాగండి అన్నారు మీరు. పక్కనోళ్ళు నవ్వారు. లాగాను."

నేను అప్పటిదాకా ఆ మాట గుర్తుతెచ్చుకోలేదు. షాపులో రోజుకి పదిసార్లు అనే మాట అది. ఆయన చెబుతుంటే గుర్తొచ్చింది. పెన్సిలు చేతిలో ఉండడం, తల ఎత్తకుండానే చెప్పడం కూడా గుర్తొచ్చాయి. విచారణలో ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు చెబుతారనుకున్నానండీ," అన్నారు.

మర్చిపోయానన్నాను. ఆయన నట్టు విప్పి, బోల్టు పక్కన పెట్టారు.

"రెండేళ్ళ నుంచీ దాచారనుకుంటున్నాను. ఇప్పుడు మర్చిపోయానంటున్నారు. ఏది నమ్మమంటారు?"

మర్చిపోయిన మనిషీ దాచిన మనిషీ బయటికి ఒకేలా ఉంటారు. నేను నిజంగానే మర్చిపోయాననే నా నమ్మకం. కానీ విచారణ రోజు ఆయన నా వైపు చూసినప్పుడు తల ఎందుకు ఎత్తలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నా జ్ఞాపకాన్ని కూడా అనుమానించే వయసు వచ్చింది.

షాపుకి తిరిగి రమ్మన్నాను. మేనేజరుతో నేను మాట్లాడతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇక్కడ పని బాగానే ఉందన్నారు. తర్వాత ఒకటే అడిగారు.

"కోటయ్యకి చెప్పారా?"

లేదన్నాను.

"గుడివాడ స్టేషన్లో నేను కనపడితే ఆయన మొహం తిప్పుకున్నారండీ. ముందు ఆయనకి చెప్పండి."

నేను లేస్తుంటే బోల్టు నా చేతికిచ్చారు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తోళ్ళకి చూపిస్తున్నారంట గదా. ఇక సరిగ్గా చూపించండి." వెటకారం ఉందేమోనని మొహంలోకి చూశాను. కనిపించలేదు.

కోటయ్య

మర్నాడు బందరు నుంచి గుడివాడ పాసింజరు ఎక్కాను. కోటయ్య అదే మిల్లులో గేటు దగ్గర కూర్చుంటున్నాడు. బోల్టు చూపించి, మేస్త్రీ తప్పు లేదని, మర లెక్క తేడా వచ్చిందని, సంచుల్లో సామాను కలిసిపోయిందని చెప్పాను. అతను అంతా విని ఒక ప్రశ్న అడిగాడు.

"అయితే నా చెయ్యి ఎవరూ తియ్యలేదంటారా?"

సామాను కలిసిపోయింది కోటయ్యా అన్నాను. అంతవరకే చెప్పాను. నిచ్చెన దిగి వచ్చిన సంగతి చెప్పలేదు. ఆ రోజు చెప్పడానికే వెళ్ళాను, చెప్పకుండానే తిరుగు రైలెక్కాను.

ఆ తర్వాతి ఆదివారమే కోటయ్య బస్సులు మారుకుంటూ కోడూరు వెళ్ళాడని విన్నాను. ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళేవాడట. క్రిస్మస్‌కి అక్కడే భోజనం చేసేవాడట.

నేను షాపులో ఉన్నన్నాళ్ళూ కొత్తవాళ్ళందరికీ ఆ బోల్టు చూపించాను. అద్దం ఇచ్చి లెక్కపెట్టించాను. వేలితో ఎక్కని నట్టుకి పానా తగిలిస్తే ఊరుకునేవాణ్ణి కాదు. వ్యాపారుల్ని, డబ్బాల మీద పేర్లని, మేనేజర్లని అనుమానించమని నేర్పాను. పైనుంచి దిగి వచ్చి ఏదో తేడాగా ఉందని చెప్పే మనిషి మాట వినమని మాత్రం నేర్పలేదు. అది నేర్పాలంటే ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలి.

రెండు నెలల క్రితం మేస్త్రీని కోడూరు సమాధుల తోటలో మట్టి చేశారు. కోటయ్య ఎడమ చేత్తో మన్ను వేశాడు. ముసలివాడయ్యాడు. అందరూ వెళ్ళాక నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"కొత్తోళ్ళ చేత పదమూడు లెక్కపెట్టించేవారంట గదండీ."

అవునన్నాను.

"మేస్త్రీ నిచ్చెన దిగొచ్చిన సంగతి కూడా చెప్పేవారా?"

అతనికి ఎన్నాళ్ళుగా తెలుసని అడిగాను. మొదటి ఆదివారం నుంచీ అన్నాడు. మేస్త్రీ నా గురించి ఏమన్నారని అడిగాను.

"ఏవీ అన్లేదండీ. మీ అంతట మీరే చెబుతారన్నారు. నన్ను అడగొద్దన్నారు. ఇప్పుడాయన లేరు గాబట్టి అడిగాను."

బోల్టు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కొసన మూడు నాలుగు మరలు చితికాయి, మిగతావి అంగుళానికి పదమూడు. పట్టేస్తుందండీ అని నిచ్చెన దిగి వచ్చింది ఆయన. పైపు తొడిగి లాగమన్నది నేను.